రంగం వెళ్లాడనుకున్న ముత్తాత నాటాల్ ఓడ జాబితాలో దొరికితే

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 46, హైస్కూల్లో టీచరు. సొంతూరు శృంగవరపుకోట దగ్గర. వాళ్లింట్లో తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ముత్తాత 24 ఏళ్ల వయసులో, కొడుకు పుట్టి ఏడాది నిండకముందే, రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి నాలుగు డబ్బులు తెస్తానని బయల్దేరాడు. మళ్లీ రాలేదు. ఓడ మునిగిపోయిందని ఎవరో చెప్పారు. పన్నెండేళ్లు ఎదురుచూసి, పెద్దలు కర్మ జరిపించి తాతమ్మ బొట్టూ గాజులూ తీయించారు. మారుమనువు చేస్తామని పుట్టింటివాళ్లు అడిగినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఒక్క కొడుకుని చూసుకుంటూ 1958 దాకా బతికింది. మహాలయ అమావాస్యకు ఆ ముత్తాత పేరు చెప్పి ఇంట్లో ఇప్పటికీ పిండం పెడుతున్నారు.

నిరుడు ఈవిడ ఒక వంశవృక్షాల వెబ్‌సైటులో తమ కుటుంబం వివరాలు పెట్టారు. అది చూసి దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి 61 ఏళ్ల ఒకాయన మెయిల్ పంపారు. మీ ముత్తాతే మా ముత్తాత అంటున్నారాయన. 1904లో మద్రాసు నుంచి నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లిన ఓడ జాబితాలోని ఒక వరుసను ఫొటో తీసి పంపారు. పేరు అదే. తండ్రి పేరు ఉంది. వయసు 24, జిల్లా వైజాగపటం, తాలూకా శృంగవరపుకోట, ఊరి పేరు ఇంచుమించు వీళ్ల ఊరిదే. ఒంటి మీద గుర్తు కుడి ముంజేతి మీద మచ్చ. కులం గడిలో మాత్రం వేరే కులం రాసి ఉంది. ఆ మనిషి చెరకు తోటల్లో పనిచేసి, అక్కడికే కూలీగా వచ్చిన మరో తెలుగమ్మాయిని పెళ్లి చేసుకుని, ఐదుగురు పిల్లల్ని కని 1938లో చనిపోయాడట. డర్బన్ ఆయన వచ్చే జనవరిలో ఊరు చూడటానికి వస్తానంటున్నారు. ఇద్దరం డీఎన్ఏ పరీక్ష చేయించుకుందామంటున్నారు.

ఇంట్లో ఈ విషయం ఈవిడ భర్తకీ, పెదనాన్న కొడుక్కీ తప్ప ఎవరికీ తెలియదు. మెయిలుకు జవాబే ఇవ్వొద్దని అన్నయ్య అంటున్నారు. ఊళ్లో మూడెకరాల పొలం ఉంది, ధరలు పెరిగాయి, రేపు వాటా అడిగితే ఎవరు సమాధానం చెబుతారని ఆయన భయం. తాతమ్మను చూసినవాళ్లలో మిగిలింది 86 ఏళ్ల మేనత్త ఒక్కరే. "మొగుడు బతికుండగానే మా తాతమ్మ ఇరవై ఏళ్లకు పైగా విధవగా బతికిందని మా అత్తకి ఎలా చెప్పను? చెప్పకపోతే ఆవిణ్ణి మోసం చేసినట్టు కాదా? మెయిల్ వచ్చిన మోత వినిపిస్తే చాలు, టెన్షన్‌తో చేతులు చల్లబడుతున్నాయి" అని రాశారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు విడివిడి ప్రశ్నలు ఒకే ముడి పడిపోయాయి. ఆ ఓడ జాబితాలోని మనిషి నిజంగా మీ ముత్తాతేనా, అత్తకు చెప్పాలా, పొలం ఏమవుతుంది. మొదటిది ఇంకా తేలలేదు. తేలకుండానే మిగతా రెండింటికీ మీరు నిద్ర పోగొట్టుకుంటున్నారు. కాబట్టి మొదటిదానితోనే మొదలుపెడదాం. అందులో మీరు గమనించాల్సినవి చాలా ఉన్నాయి.

నాటాల్ వెళ్లినవాళ్లకు ఇంత వివరంగా కాగితం ఎందుకుందో ముందు చెబుతాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అక్కణ్ణుంచి 1911 దాకా సుమారు లక్షా యాభై రెండు వేలమంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వాళ్లలో మూడింట రెండు వంతులమంది ఎక్కింది మద్రాసులోనే. తెలుగువాళ్లలో మన విశాఖ, గంజాం జిల్లాల జనం, చిత్తూరు కలిసున్న ఉత్తర ఆర్కాటు జనం ఎక్కువ. ఐదేళ్ల ఒప్పందం, ప్రభుత్వం పర్యవేక్షణ. మనిషి మనిషికీ ఒక నంబరిచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఈరోజు మనవలకు అవే ఆధారమయ్యాయి. క్వాజులు నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ ఓడ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించింది. మీ డర్బన్ ఆయన పంపిన వరుస అలాంటి జాబితాలోదే అయ్యుంటుంది.

రంగం వెళ్లినవాళ్లకు ఇలాంటిది లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునో, టికెట్టు కొనుక్కునో ఓడెక్కేవాళ్లు. తలకొక కాగితం ఎవరూ రాయలేదు. అందుకని మీ ముత్తాత నిజంగా రంగమే వెళ్లి అక్కడే పోయుంటే, ఆ సంగతి రుజువు చేసే జాబితా మనకు దొరకడం చాలా కష్టం. ఇది గుర్తుపెట్టుకోండి. కాగితం ఉన్న చోట పోలిన మనిషి దొరికాడు కాబట్టి ఆయనే మనవాడని అనిపిస్తుంది. కాగితం లేని చోట పోయిన మనిషి ఎప్పటికీ దొరకడు.

ఇంట్లో రంగం అని చెప్పి బయల్దేరినవాడు నాటాల్ ఎలా చేరతాడంటారా, అది జరిగేదే. కూలీల్ని పోగుచేసే ఏజెంట్లు ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఎంత దూరమో ఉన్నదున్నట్టు చెప్పకపోవడం ఆ రోజుల్లో మామూలు. ఆ కారణంగా మీ ఇంటి కథా, డర్బన్ కాగితమూ రెండూ నిజం కావచ్చు. కావచ్చు అన్నంతవరకే.

ఇప్పుడు ఆ వరుసను గడిగడిగా చూడండి. పేరుకు ఎక్కువ విలువ ఇవ్వకండి. సింహాద్రి అప్పన్న నీడలో ఉన్న ఊళ్లలో ఆ పేరు పెట్టుకున్న మగవాళ్లు వీధికి నలుగురుంటారు. వయసు కూడా అంతే, డిపోలో (ఓడెక్కే ముందు కూలీలను ఉంచే చోట) గుమాస్తా మొహం చూసి అంచనాగా వేసిన అంకె. ఊరి పేరు గట్టి ఆధారమే గానీ, చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసిన పేరది. అలా పలికే ఊళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెన్ని ఉన్నాయో చూడాలి. సెన్సస్ శాఖవారి పాత జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో తాలూకాలవారీగా ఊళ్ల పేర్లుంటాయి. 1961 పుస్తకం తీసి, ఆ ఇంగ్లీషు అక్షరాలకు దగ్గరగా ఉన్న ఊళ్లన్నీ రాసుకోండి. మీ ఊరొక్కటే మిగిలితే ఆధారం బలపడినట్టు. మూడు మిగిలితే తొందరపడకూడదు.

అసలు కీలకం తండ్రి పేరు. ఆ వరుసలో తండ్రి పేరు ఉందని మీరు రాశారు. మీ ముత్తాత తండ్రి పేరు ఫలానా అని మీ ఇంట్లో ఏ కాగితంలో ఉందో, ఎవరి నోట విన్నారో రాయలేదు. ఉత్తరం రెండుసార్లు చదివినా నాకది కనబడలేదు. బహుశా ఆ పేరు మీకు తెలియకపోవచ్చు. జాబితాలో చూశాక అదే పేరై ఉంటుందని అనుకుని ఉండొచ్చు. తప్పులేదు, అందరికీ జరుగుతుంది. కానీ ఈ ఒక్క పేరు జాబితాతో సంబంధం లేకుండా మీ వైపు నుంచి దొరికితే సగం చిక్కు విడిపోతుంది.

ఎక్కడ దొరుకుతుంది? తద్దినంలో. పిండం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతారు కదా. మీ తాతగారికి మీ పెదనాన్న, నాన్న తద్దినం పెట్టినన్నాళ్లూ తాత, ముత్తాత, ముత్తాత తండ్రి అని మూడు పేర్లూ పలికి ఉంటారు. ఇప్పుడు మీ అన్నయ్య పెదనాన్నగారికి పెడుతుంటే ఆ వరుస ముత్తాత దగ్గరే ఆగిపోతుంది. అంటే మీకు కావలసిన పేరు ఒక్క తరం కిందటే ఇంట్లో నోటి మీంచి జారిపోయింది. అప్పట్లో మీ ఇంటికి వచ్చిన పురోహితుడి కుటుంబాన్ని అడగండి. చాలామంది పురోహితులు తమకు కట్టుబడి ఉన్న ఇళ్ల పేర్లు నోటు పుస్తకంలో రాసుకునేవాళ్లు. మీవాళ్లు ఎప్పుడైనా గయ వెళ్లి పిండ ప్రదానం చేసి ఉంటే అక్కడి పండాల పద్దుల్లో కూడా ఉండే అవకాశముంది. ఇక మీ అత్త చిన్నప్పుడు వాళ్ల నాన్న తద్దినాలు పెడుతుంటే చూసిన మనిషి. ఆవిడ సంగతికి వస్తాను.

కాగితాల్లో అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత తనఖా, క్రయ దస్తావేజులు చూడండి. మీ ముత్తాతకు అన్నదమ్ములుంటే వాళ్లు రాసిన దస్తావేజుల్లో "ఫలానా వారి కుమారుడు" అని తప్పకుండా ఉంటుంది. శృంగవరపుకోట వైపు విజయనగరం జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ రైత్వారీ సెటిల్‌మెంటు జరిగింది. ఆ అడంగల్ నకలు తెచ్చుకుంటే మీ తాతగారి పేరు పక్కన ఆయన తండ్రి పేరు కనిపిస్తుంది. అంతకు పైతరం ఉండదు. అయినా ఆ నకలు తెచ్చుకోండి, అన్నయ్య ప్రశ్నకు అది పనికొస్తుంది.

కులం వేరేగా రాసి ఉందని మీరు చాలా బాధపడ్డారు. దాన్నిబట్టి ఆయన మీవాడు కాదనీ చెప్పలేం, మీ ఇంటివాళ్లు ఏదో దాచారనీ చెప్పలేం. తోటల యజమానులు పొలం పని చేసే కులాలవాళ్లను కోరుకునేవాళ్లు. ఏజెంట్లకు అది తెలుసు. ఎంపిక కావడానికి ఏం చెప్పమంటే అది చెప్పినవాళ్లున్నారు. గుమాస్తాకు తెలిసిన నాలుగు కులాల పేర్లలో ఒకదాన్ని రాసేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆ గడిని పక్కన పెట్టండి. ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు మొదట ఆ గడి గురించి ఎత్తకండి. ఎత్తితే చర్చ అక్కడే ఆగిపోతుంది, మనిషి మాట ఎవరికీ పట్టదు.

డర్బన్ ఆయన్ని అడగవలసినవి మూడున్నాయి. మొదటిది, ఆ ఒక్క వరుస కాకుండా జాబితాలోని ఆ పేజీ మొత్తం, వీలైతే ముందు వెనకల పేజీలు కూడా. కూలీలు ఒంటరిగా వెళ్లడం తక్కువ. ఒక ఊరివాళ్లు, పక్కపక్క ఊళ్లవాళ్లు కలిసి డిపోకు చేరేవాళ్లు. ఆ పైవరుసల్లో, కింది వరుసల్లో మీ ఊరివాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్ల పేర్లు మీ ఊళ్లో ఏ ఇంటికి సరిపోతాయో చూడొచ్చు. మా తాత తమ్ముడు కూడా అప్పుడే వెళ్లి రాలేదని చెప్పే ఇల్లు ఇంకొకటి మీ ఊళ్లో దొరికిందనుకోండి, అది చాలా పెద్ద ఆధారం.

రెండోది, 1938 నాటి మరణ పత్రం. దక్షిణాఫ్రికాలో ఆస్తి వ్యవహారం కోసం దగ్గరివాళ్లు నింపే పత్రమొకటుంది. అందులో చనిపోయిన మనిషి పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లల పేర్లు రాస్తారు. నాటాల్‌కు సంబంధించిన ఆ ఫైళ్లు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1950 దాకా ఉన్నవాటిలో చాలా భాగం ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ఆస్తి ఏమీ మిగలకపోతే ఫైలే తెరిచి ఉండరు. కానీ ఐదుగురు పిల్లలున్న ఇల్లు కాబట్టి వెతకడం దండగ కాదు.

మూడోది, వాళ్ల ఇంట్లో నోటిమాటగా ఏం మిగిలింది? ఇంటిపేరేదైనా గుర్తుందా, ఇలవేలుపు ఎవరు, పెద్ద కూతురికి ఏం పేరు పెట్టారు, ఊరి గురించి ఏమనేవాడు. ఓడ జాబితాలో ఇంటిపేర్లుండవు. అక్కడ చాలా ఇళ్లలో తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరైపోయింది. లేదంటే ఎవరో ఒకరు నాయుడు అని తగిలించారు. అలాంటిది మీ ఇంటిపేరు మాట ఆ ఇంట్లో ఏ మూలనైనా మిగిలి ఉంటే దానికి మించిన సాక్ష్యం లేదు. అయితే మీ ఇంటిపేరేమిటో, మీ ఇలవేలుపు ఎవరో ముందు మీరు చెప్పకండి. ఆయన మంచి మనిషే కావచ్చు. ఒక్కసారి విన్నాక, మా నాయనమ్మ కూడా అదే పేరు అనేదని ఆయనకే అనిపిస్తుంది. వంశం వెతుక్కునేవాళ్లందరికీ ఉండే ఆశ అది. వెబ్‌సైటులో పెట్టిన వృక్షంలో ఇప్పటికే ఏమేం బయటపడ్డాయో చూసుకోండి. బతికున్నవాళ్ల పుట్టినరోజులు, ఊళ్లు, ఫొటోలు ఉంటే ఈరోజే తీసేయండి.

డీఎన్ఏ పరీక్ష మాట. మీరిద్దరూ ఒకే ముత్తాతకు వేర్వేరు భార్యల సంతానంలో పుట్టినవాళ్లయితే, మీకు కలిసే భాగం సగటున నూటికి ఒకటిన్నర దాకా ఉంటుంది. పరీక్షలో అది మామూలుగా కనబడుతుంది. కానీ మన ఇళ్లలో తరతరాలుగా మేనరికాలు. మీ తాత, నాన్న మేనమామ కూతుళ్లను చేసుకుని ఉంటే, అదే ప్రాంతం నుంచి నాటాల్ వెళ్లిన వేరే బంధువుతో కూడా మీకు కొంత కలుస్తుంది. ఆ కంపెనీల లెక్కలు మేనరికాలు లేని జనాన్ని చూసి కట్టినవి. మన విషయంలో బంధుత్వాన్ని ఉన్నదానికన్నా దగ్గరగా చూపిస్తాయి. అందువల్ల పరీక్షలో ఏమీ కలవకపోతే ఆ జాబితాలోని మనిషి మీ ముత్తాత కాదనే వైపు బలంగా మొగ్గొచ్చు. కలిస్తే మాత్రం, ఎలా బంధువులో చెప్పడానికి మళ్లీ కాగితమే కావాలి. ఇప్పుడే తొందర లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. తరం దగ్గర కాబట్టి అత్త నమూనా అయితే మేలని ఎవరైనా అంటారు, లెక్కప్రకారం నిజమే. షుగర్ టెస్టు అనో ఇంకోటనో చెప్పి ఆవిడ నోట్లో పుల్ల పెట్టించే పని మాత్రం ఎప్పటికీ చేయకండి.

ఇక అత్త. మీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ భాగమే. తాతమ్మ పడ్డ బాధ మీ ఇంట్లో ఇంకా చల్లారలేదు. చెప్పాలా వద్దా అన్నదానికంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. ఏమీ చెప్పకుండా ఆవిడ చేత మాట్లాడించండి. ఇది ఆవిణ్ణి మోసం చేయడం కాదు. తాతమ్మ గురించి ఆవిడకు తెలిసింది ఆవిడ మాటల్లో నిలబెట్టడం. డర్బన్ సంగతి చెవిన పడ్డాక ఆవిడ జ్ఞాపకాలన్నీ దాని చుట్టూ తిరిగి కొత్త రూపం తీసుకుంటాయి. 86 ఏళ్ల మనిషి దగ్గర తాతమ్మ కథ పాత రూపంలో వినే అవకాశం మళ్లీ రాదు.

వెళ్లి రెండు రోజులుండండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మంచం మీద నడుం వాల్చే వేళ చూసి, తాతమ్మ మాటలు రికార్డు చేసుకుంటానని చెప్పి, ఫోన్ పక్కన పెట్టండి. ప్రశ్నలు ఎలా అడుగుతారన్నది చాలా ముఖ్యం. ముత్తాతకి చేతి మీద మచ్చ ఉండేదా అని అడిగితే ఆవిడ ఉండేదనే అంటుంది. మీ సంతోషం కోసం అంటుంది. "ముత్తాత ఎలా ఉండేవాడని తాతమ్మ చెప్పేది?" అని అడిగి ఊరుకోండి. ఎత్తు, రంగు, నడక, గొంతు, ఏదైనా రానివ్వండి. బెల్లం వండేటప్పుడు పెనం తగిలి చెయ్యి కాలిందని ఆవిడంతట ఆవిడ అంటే, ఆ జాబితాలోని మచ్చకు అప్పుడు విలువ వస్తుంది. తాతగారు తద్దినం పెడుతుంటే ఏ పేర్లు చెప్పేవాళ్లని అడగండి. ఎవరితో కలిసి బయల్దేరాడు, ఏ నెలలో, ఓడ మునిగిందని వచ్చి చెప్పిందెవరు. ఆ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. ఆ వార్త తెచ్చిన మనిషి ఎవరో తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

రుజువు తేలాక చెప్పాలా? చెప్పకపోతే ఆవిడ ఇప్పటి మనశ్శాంతి ఆవిడకు ఉంటుంది. కానీ ఈ విషయం ఇప్పటికే ముగ్గురికి తెలుసు. జనవరిలో ఒక మనిషి మీ ఊళ్లో దిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పరాయివాళ్ల నోట విని, నీకు ముందే తెలుసటగా అని ఆవిడ మిమ్మల్ని అడిగే రోజు వస్తే దానికి మీ దగ్గర జవాబు ఉండదు. చెబితే ఆవిడ ఏడుస్తుంది, కోపం తెచ్చుకుంటుంది, బహుశా ఆయన పిండం ఆపెయ్యమంటుంది. ఆ కోపాన్ని మీరు సర్దిచెప్పి మాన్పించవలసిన పనిలేదు. తాతమ్మ తరఫున కోప్పడే హక్కున్న మనిషి ఈ ప్రపంచంలో ఆవిడొక్కరే మిగిలింది.

ఇంకో దారి ఉంది. నాకైతే అదే నచ్చుతుంది. చెప్పాలో వద్దో మీరు నిర్ణయించకుండా ఆవిడకే వదిలేయండి. "అత్తా, ముత్తాత గురించి ఇన్నాళ్లకి ఏదైనా తెలిస్తే నీకు వినాలనుంటుందా, లేక పోయినవాళ్ల సంగతి మనకెందుకంటావా?" అని మామూలు మాటల మధ్య అడగండి. వద్దంటే వద్దు. ఆ మాటను గౌరవించండి. డర్బన్ ఆయన్ని కూడా ఆవిడ గుమ్మం దాకా తీసుకురాకండి. కావాలంటే ఒక్కసారే అంతా కుమ్మరించకుండా, ఆవిడ అడిగిన మేరకు చెప్పండి. పక్కన ఆవిడ కూతురో కోడలో ఉండేట్టు చూసుకోండి. ఆ రాత్రి మీరు అక్కడే పడుకోండి. బతికున్న మనిషికి పిండం పెట్టాం కదా, దోషమా అని ఆవిడకు తప్పకుండా అనుమానం వస్తుంది. మీ పురోహితుణ్ణి ముందే కలిసి ఆ మాటకు జవాబు తెలుసుకుని వెళ్లండి. పన్నెండేళ్లు జాడ లేని మనిషికి కర్మ చేయడం పెద్దలు ఆచారం ప్రకారం చేసిన పనే, తాతమ్మా మీవాళ్లూ చేసిన తప్పు అందులో లేదు.

ఆయన ఎందుకు రాలేదని అత్త అడిగితే? మీకు తెలిసింది చెప్పండి, తెలియనిది కల్పించకండి. 1895 చట్టం కింద, ఒప్పందం ముగిశాక మళ్లీ కూలీగా కుదరనివాళ్లు, తిరిగి వెళ్లనివాళ్లు ఏడాదికి మూడు పౌన్ల తలపన్ను కట్టాలి. నెలకు 10 నుంచి 14 షిల్లింగులు తెచ్చుకునే మనిషికి అది నాలుగు నుంచి ఆరు నెలల జీతం. అప్పు తీరక ఐదేళ్లు, మళ్లీ ఐదేళ్లు అని తోటల్లోనే ఉండిపోయినవాళ్లు వేలమంది. 1913లో గనుల్లో, తోటల్లో జరిగిన పెద్ద సమ్మె తర్వాత, 1914లో ఆ పన్ను తీసేశారు. అయితే అదే చట్టం తిరిగి వచ్చే దారి కూడా ఉంచింది, వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ ముత్తాత రాలేకపోయాడో, రాకూడదనుకున్నాడో జాబితాలో ఉండదు. ఆయన్ని వెనకేసుకు రావద్దు, తిట్టనూ వద్దు.

అన్నయ్యగారి భయాన్ని కొట్టిపారేయకండి. అప్పట్లో మన దేశంలో హిందూ మగవాడు రెండో పెళ్లి చేసుకోవడం చట్టవిరుద్ధం కాదు కాబట్టి, ఆ రెండో సంసారంలో పుట్టిన పిల్లలు చట్టం దృష్టిలో పరాయివాళ్లని తేలిగ్గా అనేయలేం. కానీ వాటా అడగాలంటే ముందు ఈ బంధుత్వాన్ని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి, మీకే ఇంకా తేలలేదు. తర్వాత ఆ పొలం ఎప్పుడు, ఎవరి పేరున వచ్చిందన్నది తేలాలి. మీ తాతగారు తన కష్టంతో సాగుచేసి సెటిల్‌మెంటులో తన పేరున పట్టా తెచ్చుకున్నదైతే ఒక రకం. 1904కు ముందు నుంచే ముత్తాత వాళ్లదైతే ఇంకో రకం. ఆపైన ఇన్ని దశాబ్దాల స్వాధీనం, శిస్తు రసీదులు ఉండనే ఉన్నాయి. అడంగల్ నకలు, పట్టా, ఈసీ తీసుకుని అన్నయ్యను వెంటబెట్టుకుని ఒక సివిల్ లాయరును కలవండి. ఒక్కసారి ఫీజు ఇస్తే అన్నయ్యగారు నెలల తరబడి పడుతున్న భయానికి స్పష్టమైన జవాబొస్తుంది. వారసులమని ఒప్పుకునే అఫిడవిట్లు, కుటుంబ ధ్రువీకరణ పత్రాలు మాత్రం లాయరుకు చూపకుండా సంతకం పెట్టకండి. డర్బన్ ఆయన ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) కోసం కాగితాలు అడిగినా భయపడొద్దు. కార్డు ఇచ్చేదీ మానేదీ భారత ప్రభుత్వం. ఓసీఐ ఉన్నంత మాత్రాన ఇక్కడ సాగుభూమి కొనుక్కునే వీలు కూడా లేదు.

అన్నయ్యగారి భయం మొత్తం పొలం గురించేనా అన్నది కూడా ఆలోచించండి. ఏటా పిండం పెడుతున్న చేతులు ఆయనవి. ఈ వార్త ఆయనకూ దెబ్బే. పొలం పేరు పెట్టి మాట్లాడటం మగవాళ్లకు సులువు.

మెయిలుకు జవాబు ఇవ్వకుండా ఉండటం కూడా ఒక దారే. ఇవ్వకపోతే డర్బన్ ఆయన ఆగిపోతారన్న నమ్మకం లేదు. ఊరి పేరు ఆయన దగ్గరుంది. టికెట్టు కొనుక్కుని నేరుగా వచ్చేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. అలాగని ఆప్యాయంగా అన్నయ్యా అని మొదలుపెట్టి అన్నీ చెప్పేసినా, రేపు మనిషి వేరని తేలితే ఇద్దరికీ బాధే. నాలుగు వాక్యాలు చాలు. మీ మెయిల్ అందింది. మా ఇంట్లో కూడా ఇలా వెళ్లి తిరిగి రాని మనిషి ఉన్నారు, ఆయనా మీ ముత్తాతా ఒకరేనో కాదో ఇంకా తేలలేదు. జాబితా పూర్తి పేజీ, మరణ పత్రం, మీ పెద్దలు చెప్పిన మాటలు పంపగలరా? ఇంట్లో చాలా పెద్దవాళ్లున్నారు కాబట్టి నేను చెప్పేదాకా ఊళ్లో ఇంకెవరినీ సంప్రదించవద్దు. ఇంతే రాయండి. మంచి మనిషైతే ఆ చివరి వాక్యం అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోకపోతే, ఆయన ఎలాంటివారో మీకు ముందే తెలిసిపోతుంది. ఆయన వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. నాలుగు తరాలుగా తమ ఊరేదో తెలియని ఇల్లు అది. తెలుగు మాటలు కొన్నే మిగిలి ఉంటాయి. అయినా 1931 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగును నిలబెట్టుకుంటున్న జనం వాళ్లు.

ఇదే వెతుకులాటలో ఉన్న మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. మీ పెద్దలు మారిషస్ వెళ్లి ఉంటే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో 1834 నుంచి వచ్చిన కూలీల రికార్డులున్నాయి, కొందరివి ఫొటోలతో సహా. ఫీజీకి 1879 నుంచి 1916 దాకా వెళ్లారు. మద్రాసు నుంచి మనవాళ్లు వెళ్లడం 1903లో మొదలైంది. వాళ్లకూ ఇలాంటి వివరాలు రాసిన పాసులున్నాయి. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో వలస శాఖ ఫైళ్లు చూడొచ్చు. అవి ఎక్కువగా ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాలు, అందులో మన తాత పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు.

జనవరి విషయం. అప్పటికి తేలినా తేలకపోయినా ఆయన్ని రావొద్దనకండి. మొదటిసారి విశాఖలో, ఇంటి బయట కలవండి. అన్నయ్యగారు వస్తానంటే వెంట తీసుకెళ్లండి, రానంటే మీ వారితో వెళ్లండి. ఇంకా రుజువు దొరకకపోతే, తాలూకా వరకు నిజమని తేలింది కాబట్టి శృంగవరపుకోట చూపించి, సింహాచలం దర్శనం చేయించి పంపొచ్చు. రుజువు దొరికి అత్త సరేనంటేనే ఊళ్లోకి, ఆవిడ ఇంటికి. ఈ పనుల్లో ముందు చేయాల్సింది అత్త దగ్గరికి వెళ్లడం. దసరా సెలవుల దాకా ఆగకుండా ఈ శని, ఆదివారాలే వెళ్లండి. ఆ రికార్డింగు ఇంకో రెండు చోట్ల దాచి, అప్పుడు డర్బన్‌కు జవాబు రాయండి.